మంచం పట్టిన మనిషికి ఇంట్లో సేవ: వీపు దగ్గర మొదలుపెట్టండి

మా గోదారి లంకల వైపు ఎవరైనా మంచం పట్టారని తెలిస్తే చాలు, చూడ్డానికొచ్చే ప్రతివాళ్ళూ చేతిలో ఏదో ఒకటి పట్టుకొస్తారు. బత్తాయిలు, బ్రెడ్డు, హార్లిక్స్ సీసా, అప్పుడే దింపిన కొబ్బరి బొండాలు. మంచం పక్కన స్టూలు నిండిపోతుంది. "రెండు ముద్దలైనా తినిపించమ్మా" అని కోడలికి చెప్పకుండా ఎవరూ గడప దాటరు. దుప్పటి ఎత్తి వీపు చూసేవాళ్ళు మాత్రం లేరు. ముప్ఫై ఏళ్ళకు పైగా వార్డుల్లో నర్సుగా చేసి, రిటైరయ్యాక ఎవరైనా కబురు పెడితే ఇళ్ళకి వెళ్తున్నాను. నేను చూసినంతలో ఇంటివాళ్ళ ప్రేమంతా రోగి నోటి దగ్గరే ఆగిపోతుంది. ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు వీపు. అందుకే వీపుతో మొదలుపెడుతున్నాను. మందులు, వాటి మోతాదులు డాక్టరుగారు చూసుకుంటారు. నేను చెప్పేది చేతుల పని.

ముందుగా మంచం, గది

నవారు మంచం వద్దు. నడుం దగ్గర గుంట పడి మనిషి కిందికి జారుతూ ఉంటాడు, జారిన ప్రతిసారీ చర్మం ఒరుసుకుంటుంది. చెక్క మంచం, దానిమీద గట్టి ఫోమ్ పరుపు మేలు. మంచాన్ని గోడకి ఆనించకుండా రెండువైపులా మనిషి నిలబడేంత చోటు వదలండి. రోగి సొంతంగా అసలు కదల్లేడనుకుంటే, మంచం కోళ్ళ కింద కదలని చెక్క దిమ్మలు పెట్టి మీ నడుం ఎత్తుకి తెచ్చుకోండి. లేకపోతే నెల తిరిగేసరికి రెండో మంచం మీది మీరవుతారు. లేవడానికి ప్రయత్నించే మనిషైతే మంచం ఎంత కిందికుంటే అంత క్షేమం.

ఎయిర్ బెడ్, అంటే మోటారుతో గాలి గదులు మార్చి మార్చి నిండుతూ దిగుతూ ఉండే పరుపు, దొరికితే మంచిదే. దాన్ని పరుపు మీద పరచాలి, దానిమీద ఒకే ఒక్క పల్చటి దుప్పటి వెయ్యాలి. "మెత్తగా ఉంటుంది కదండీ" అని బొంతలు పరిస్తే గాలి గదులు చేసే పని చర్మం దాకా చేరదు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది. తుపాను రోజుల్లో మనకది మామూలే. గాలి దిగిన బెడ్డంటే గట్టి మంచమే. ఆ రాత్రి గంటల లెక్క మీరే చూసుకోవాలి.

ఆక్సిజన్ పెట్టిన గదిలో దీపం, అగరుబత్తి, దోమల బత్తి, బీడీ ఏవీ ఉండకూడదు. తలవైపు దీపం పెట్టాలని పట్టుబట్టే పెద్దవాళ్ళుంటారు. వాళ్ళ మాట తోసిపారెయ్యకుండా దేవుడి గదిలో పెట్టించండి.

గోడకి ఒక నోటుబుక్కు వేలాడదీసి, దానికి పెన్ను కట్టండి. ఎన్ని గంటలకి ఏ పక్కకి తిప్పారు, ఎంత తిన్నారు, ఉచ్చ ఎంత వచ్చింది, విరోచనం ఎప్పుడైంది, ఏ మందు వేశారు. మధ్యాహ్నం కూతురు, రాత్రి కోడలు, తెల్లారి కొడుకు చూసుకునే ఇంట్లో ఈ పుస్తకం లేకపోతే ఎవరికివాళ్ళు "వాళ్ళు తిప్పారులే" అనుకుంటారు.

వీపు

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మంచి ఎయిర్ బెడ్డుండి, చర్మం బాగుంటే నాలుగు గంటల దాకా పోవచ్చు. కుర్చీలో కూర్చోబెడితే పావుగంటకో అరగంటకో ఒకసారి బరువు మార్చాలి. ఎముక మీద పడిన బరువుకి ఆ చోట రక్తం ఆడదు. రక్తం ఆడని చర్మం లోపల్నుంచి చచ్చిపోతుంది, పైకి కనపడేది ఆఖర్న. నడుం కింద తోక ఎముక, తుంట్లు, మడమలు, చీలమండలు, మోచేతులు, భుజాల రెక్కలు, తల వెనక, చెవి అంచు కూడా రోజూ స్నానం చేయించేటప్పుడు వెలుతురులో చూడండి.

ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కితే ఇంకా చెయ్యి దాటలేదు. నొక్కినా రంగు మారలేదంటే పుండు మొదలైపోయినట్టే. మన రంగుకి ఎరుపు సరిగ్గా తెలీదు. చుట్టుపక్కల కంటే నల్లగా, వేడిగా, గట్టిగా తగిలినా అదే లెక్క. ఆ చోట రుద్దకండి. మా ట్రైనింగు రోజుల్లో వీపుకి స్పిరిట్ రాసి, పౌడరు జల్లి, బాగా రుద్దమని నేర్పేవారు. నేనూ వందల వీపులు అలాగే రుద్దాను. అది తప్పని, రుద్దితే లోపలి కండ ఇంకా నలుగుతుందని తరవాత తెలిసింది. మధ్యలో చిల్లుండే గాలి రింగు కూడా అలాంటిదే. మెడికల్ షాపులో ఇప్పటికీ అమ్ముతున్నారు గానీ అది చుట్టూ ఒత్తి మధ్యలోకి రక్తం రాకుండా చేస్తుంది.

తిప్పే పద్ధతి ఇదీ. ఒక పాత నూలు చీరని నాలుగు మడతలు పెట్టి, భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా రోగి కింద అడ్డంగా పరిచి ఉంచండి. ఇద్దరు కావాలి, ఒకరు ఆ పక్క, ఒకరు ఈ పక్క. ముందు రోగితో చెప్పండి: "మావయ్యగారూ, కుడివైపు తిప్పుతున్నామండి." స్పృహ లేకపోయినా చెప్పాల్సిందే. ఉచ్చ గొట్టం, రైల్స్ ట్యూబు (ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పోసే గొట్టం) ఎక్కడ చిక్కుకుంటాయో చూసుకోండి. మడిచిన చీర అంచుల్ని రోగి ఒంటికి దగ్గరగా చుట్టి, పిడికిళ్ళతో పట్టుకుని, మోకాళ్ళు కొంచెం వంచి, "ఒకటీ రెండూ మూడూ" అని ఇద్దరూ ఒక్కసారే ఎత్తి, తిప్పే వైపుకి ఎదురు అంచుకి జరపండి. ఈడ్చొద్దు. బియ్యం బస్తా ఈడిస్తే గోనె చిరిగినట్టే, ఇక్కడ చర్మం చిరుగుతుంది. తరవాత అవతలి మోకాలు మడిచి, భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి మెల్లగా తిప్పండి. పూర్తిగా పక్కకి నిలబెట్టకండి, బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి ముప్ఫై డిగ్రీల వాలులో ఆపండి. మీ అరచెయ్యి తోక ఎముక కింద దూర్చి చూడండి, ఎముక పరుపుకి తగలకుండా గాల్లో ఉండాలి. రెండు మోకాళ్ళ మధ్య ఒక దిండు. పిక్కల కింద ఒక దిండు, మడమలు మాత్రం దేనికీ ఆనకూడదు. చివరగా కింది చెవి మడత పడలేదు కదా అని చూసి, దుప్పటి ముడతలు లాగి, పుస్తకంలో రాయండి. మొదట్లో పావుగంట పడుతుంది. వారం తిరిగితే మూడు నిమిషాల పని.

పుండు పడితే పసుపు, కొబ్బరినూనె, బూడిద ఏదీ పెట్టొద్దు. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు, ఆ నీళ్ళతో కడిగి, శుభ్రమైన గాజ్ (కట్టు కట్టే పల్చటి గుడ్డ) వేసి డాక్టరుకి చూపించండి. నల్లగా పెచ్చు కట్టినా, కంపు కొట్టినా, జ్వరం వచ్చినా ఆగకూడదు. ఇక పథ్యం. "పుండుకి చేప పడదు, గుడ్డు పడదు" అని మాన్పించేస్తారు. కొత్త కండ పెరగాలంటే మాంసకృత్తులే కావాలి. కిడ్నీ జబ్బు లాంటివాటికి డాక్టరు వద్దంటే తప్ప గుడ్డు, చేప, పప్పు, పెరుగు పెట్టండి.

ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే పిసకొద్దు. నరంలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. మన ఇళ్ళల్లో కాళ్ళు పిసకడం ప్రేమ కిందే లెక్క కాబట్టి పనిగట్టుకుని చెబుతున్నాను.

తడి

చర్మానికి ఒత్తిడి తరవాత శత్రువు తడే. డైపరు "నిండలేదు కదా" అని ఉంచకండి, విరోచనమైన నిమిషంలోనే మార్చాలి. ఆడవాళ్ళకి ముందు నుంచి వెనక్కి తుడవాలి. మడతల్లో పౌడరు దట్టంగా వేస్తే మన ఉక్కపోతకి పిండి ముద్దై ఒరుస్తుంది. ఆరబెట్టి, జింకు కలిసిన క్రీము పల్చగా రాస్తే చాలు.

ఉచ్చ సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందికుండాలి, నేలకి మాత్రం తగలకూడదు. తిప్పేటప్పుడు సంచిని రోగి పొట్ట మీద పెట్టడం రోజూ చూస్తుంటాను. అప్పుడు నిలవున్న ఉచ్చ వెనక్కి పోయి చీము పడుతుంది. మూడొంతుల్లో రెండొంతులు నిండగానే చేతులు కడుక్కుని ఖాళీ చెయ్యండి. గొట్టం వేసే చోట రోజూ సబ్బునీళ్ళతో కడగాలి. రోజంతటికీ అర లీటరు కూడా రాకపోతే డాక్టరుకి చెప్పండి. ఉన్నట్టుండి ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బితే గొట్టం మెలిక పడిందేమో చూసి, కాకపోతే అదే పూట ఆసుపత్రికి.

మూడు రోజులు విరోచనం కాక, నాలుగోరోజు పల్చగా కారుతుంటే అది విరేచనాలు కాకపోవచ్చు. లోపల గట్టిగా అడ్డం పడినదాని పక్కనుంచి కారేది అది. దానికి విరేచనాలు కట్టే మాత్ర వేస్తే ఇంకా బిగుస్తుంది.

నోరు

తినిపించేటప్పుడు మనిషి నిటారుగా కూర్చోవాలి, గడ్డం కొంచెం గుండెవైపు వంగాలి. తిన్నాక అరగంట అలాగే ఉంచండి. పక్షవాతం వచ్చినవాళ్ళకి మింగడంలో అన్నిటికంటే కష్టమైనవి నీళ్ళు. పల్చగా ఉండటంతో శ్వాస దారిలోకి జారిపోతాయి. చిక్కటి రాగి జావ, మెత్తగా చిదిమిన పెరుగన్నం వాటికంటే నయం. మింగాక గొంతు తడిగా గరగరమన్నా, దగ్గు వచ్చినా ఆపెయ్యండి. పడుకోబెట్టి పాలాడితో (ఉగ్గుగిన్నెతో) పోస్తే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, అదే న్యుమోనియా.

రైల్స్ ట్యూబు ఉంటే ముక్కు దగ్గర మార్కు కదిలిందేమో ముందు చూడండి. కదిలితే లోపలికి నెట్టొద్దు, దాంట్లో ఏమీ పోయొద్దు, నర్సుని పిలవండి. తల ముప్ఫై నుంచి నలభై అయిదు డిగ్రీలు ఎత్తి, గుడ్డలో వడకట్టిన ఆహారం ఒక గ్లాసుకి మించకుండా, సిరంజి పిస్టన్‌తో తోయకుండా దానంతటదే దిగేలా పోసి, ఆఖర్న కొంచెం నీళ్ళతో కడగండి.

కోనసీమలో ఉండి ఈ మాట చెప్పడం కష్టమే: కిడ్నీ పాడైన మనిషికి కొబ్బరి నీళ్ళు వద్దు. దాంట్లో పొటాషియం ఎక్కువ. పనిచెయ్యని కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె లయ తప్పుతుంది. పెరట్లోవేనని రోజుకి రెండు బొండాలు పట్టించే ఇళ్ళు ఎన్నో.

నోటి శుభ్రం పొద్దున, రాత్రి. స్పృహ లేనివాళ్ళకి రెండు, నాలుగు గంటలకోసారి. పక్కకి తిప్పి, కట్టుడు పళ్ళు తీసేసి, మెత్తని బ్రష్షుని తడిపి, నీళ్ళు విదిలించి తుడవండి. పళ్ళ మధ్య వేలు పెట్టకండి. పెదాలకి కొంచెం వాసలిన్ చాలు, ఆక్సిజన్ ఉన్నవాళ్ళకి మాత్రం నూనె, వాసలిన్ కాక నీళ్ళ ఆధారంగా చేసే జెల్లే వాడాలి.

దెబ్బ తగిలినప్పుడు

మన డెల్టాలో చెట్టు మీంచి పడ్డ కొబ్బరి దింపు కార్మికుల్ని వార్డులో చూడని నర్సు ఉండదు. పడగానే నలుగురూ చేరి చంకల్లో చేతులేసి కూర్చోబెడతారు, మంచినీళ్ళు తాగిస్తారు. ఆ రెండూ చెయ్యకండి. మెడగానీ వెన్నుగానీ నొప్పంటే, కాళ్ళు తిమ్మిరంటే, కదలవంటే, తల, మెడ, నడుం ఒకే గీత మీద ఉండాలి. 108కి ఫోన్ చేసి, ఒకరు తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తల కదలకుండా పట్టుకోండి. తప్పనిసరిగా కదపాల్సొస్తే తల పట్టుకున్నవాళ్ళు లెక్క చెబితే మిగతా ముగ్గురూ దుంగని దొర్లించినట్టు ఒక్కసారే దొర్లించి కింద బల్ల జొనపాలి. దుప్పట్లో మూటగట్టి ఆటోలో వేసేస్తే, సగం తెగిన వెన్నుపాము పూర్తిగా తెగొచ్చు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి, మధ్యలో ఎత్తి చూడకండి. కాఫీ పొడి అద్దకండి. కాలితే ఇరవై నిమిషాలు పారే నీళ్ళ కింద. పాము కరిస్తే కాలు కదపకుండా, తాడు బిగించకుండా, కోయకుండా నేరుగా విషానికి సూది మందుండే ఆసుపత్రికి. సిమెంటు కట్టు వేసిన కాలి వేళ్ళు నీలంగా, చల్లగా మారినా, నొప్పి మందుకి లొంగకుండా పెరుగుతున్నా, రాత్రి ఎన్ని గంటలైనా వెనక్కి తీసుకెళ్ళాల్సిందే.

నిమిషానికి శ్వాస ముప్ఫై దాటినా, ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. పక్షవాతంలో గడ్డ కరిగించే సూదికి నాలుగున్నర గంటలే గడువు. స్కానింగు ఉన్న ఊరికి చేరేసరికి అందులో ఎంత పోతుందో పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) మీద దాటి వెళ్ళేవాళ్ళకి తెలుసు.

వరద నెలల్లో

జులై, ఆగస్టుల్లో లంకల్లో మంచం పట్టిన మనిషి ఉంటే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి వరద లెక్కలు చూస్తూ ఉండండి. అక్కడ 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటి హెచ్చరికకే రోగిని గట్టు మీది ఊళ్ళో చుట్టాలింటికి చేర్చెయ్యండి. రెండోది వచ్చేదాకా ఆగితే పడవలో మంచం ఎక్కించాల్సొస్తుంది. పది రోజుల మందులు, ఒక అదనపు ఉచ్చ సంచి, ఆసుపత్రి కాగితాలు, ఆ నోటుబుక్కు ఒక ప్లాస్టిక్ డబ్బాలో సిద్ధంగా ఉంచుకోండి.

నొప్పి

ఒకటి నుంచి పది దాకా ఎంత అని అడిగితే మన పెద్దవాళ్ళు తెల్లమొహం వేస్తారు. "నొప్పి పదహారణాలనుకుంటే ఇప్పుడెన్నణాలు మామ్మా?" అని అడుగుతాను. "పన్నెండణాలుందే" అని ఠక్కున చెబుతారు. మందు వేసిన గంటకి మళ్ళీ అడిగి, రెండూ రాయండి.

క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ మాత్ర రాస్తే బెదరకండి. చావు మందు కాదది. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే చావుని దగ్గరికి తెచ్చేదీ కాదు. నొప్పి వచ్చాక కాకుండా గడియారం ప్రకారం వెయ్యాలి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, తరవాత తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకని దాంతోపాటే విరోచనం మందు కూడా అడిగి రాయించుకోండి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక ఆసుపత్రులకి దీన్ని ఉంచుకోవడం కొంత తేలికైంది.

చివరి రోజులు

ఇక తిండి తగ్గిపోతుంది. ఇక్కడే ఇంటివాళ్ళు విరిగిపోతారు. తినకపోవడం వల్ల పోవడం లేదు, పోతున్నారు కాబట్టి తినడం లేదు. ఈ మాట ఒకసారి కాదు, రోజూ చెప్పాల్సొస్తుంది. బలవంతంగా పెట్టకండి. "ఒక్క సెలైన్ ఎక్కించండి, దాహంతో పోతున్నాడు" అంటారు. ఒళ్ళు తీసుకోలేని ఆ నీరు కాళ్ళల్లోకి, ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం పెంచుతుంది. దాహం నోటి పొడిది, దానికి తడి గుడ్డే మందు.

కాళ్ళు చేతులు చల్లబడతాయి, మోకాళ్ళ దగ్గర నీలి చారలు వస్తాయి. శ్వాస గబగబా ఆడి, ఆగి, మళ్ళీ మొదలవుతుంది. గొంతులో గురగుర వినపడుతుంది. మింగలేని ఉమ్మి కదిలే చప్పుడది. వినేవాళ్ళకి ఉన్నంత బాధ ఆ మనిషికి ఉండదు. పక్కకి తిప్పి తల కొంచెం ఎత్తండి, ఫ్యాను ముఖానికి తగలనివ్వండి. ఊరికే కదులుతూ, బట్టలు లాగుతుంటే ముందు పొత్తికడుపు నిండిందేమో, నొప్పుందేమో చూడండి. రెండు గంటల తిప్పుడు ఇప్పుడక్కర్లేదు, ఎలా హాయిగా ఉంటే అలా. వినికిడి చివరిదాకా ఉంటుందనుకునే మేం పనిచేస్తాం. పొలం వాటాల మాటలు వీధి అరుగు మీద పెట్టుకోండి.

తులసి తీర్థం. చుట్టాలంతా వరసగా నిలబడి చెంచాడు చెంచాడు పోస్తారు. మింగలేని గొంతులో పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ మనిషి ఉక్కిరిబిక్కిరై పోతాడు. వద్దనను. నేను చేసేదేమిటంటే, శుభ్రమైన దూదిని గోదారి నీళ్ళలో ముంచి, బాగా పిండి, ఒక్కొక్కరి చేతికిచ్చి పెదాలు తడపమంటాను. తులసాకు పెదాల మీద ఆనించి తీసేయమంటాను. ఇంతవరకు ఏ పురోహితుడూ కాదనలేదు. కింద పడుకోబెట్టాలంటే కూడా అంతే. ఊపిరాడుతున్న మనిషిని గబుక్కున చాప మీదికి దించకుండా, మెత్తటి బొంత పరిచి, ఆ మడత చీరతోనే నలుగురు ఎత్తి దించండి.

తరవాత

రెండు మూడు గంటల్లో ఒళ్ళు బిగుసుకోవడం మొదలవుతుంది. ఆలోగా కళ్ళు మూసి, గడ్డం కింద చుట్టిన తువ్వాలు పెట్టి, కాళ్ళు చేతులు సాపు చెయ్యండి. గొట్టాలు నర్సు చేత తీయించండి. చెట్టు మీంచి పడటం, పాము కాటు, పురుగుమందు తాగడం లాంటివైతే స్నానం చేయించొద్దు, గొట్టాలు తీయొద్దు, ముందు పోలీసులకి చెప్పాలి. పోలీసు కాగితాలు లేక బీమా డబ్బు ఆగిపోయిన ఇళ్ళున్నాయి. మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించాలి.

మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి ఇచ్చెయ్యండి, అల్మారాలో ఉంచొద్దు. ఎయిర్ బెడ్డు పారెయ్యకండి. మా పేటలో ఒకే బెడ్డు నాలుగిళ్ళు తిరిగింది. సబ్బునీళ్ళతో తుడిచి, తరవాత పల్చటి బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. మోటారు పెట్టి గాలి నింపి, ఒక్కో గదినీ సబ్బు నురగతో తడిమి చూడండి. బుడగలొచ్చిన చోట సైకిల్ షాపు ప్యాచీ వేయించి, గాలి తీసి, మడతలు పడకుండా చుట్టి, చీటీ మీద ఏ గదికి ప్యాచీ పడిందో రాసి కట్టండి.